గుడారంలో కుంపటి



గత డిసెంబరులో మా సంఘ యౌవనస్థులు పద్నాలుగు మందిని వెంటబెట్టుకుని అరకులోయకు వెళ్లాను. రైలెక్కబోతుంటే ఒక తమ్ముడి సంచిలో చిన్న గ్యాసు స్టవ్ కనబడింది. విశాఖ స్టేషన్ నుండే దానిని ఇంటికి పంపించాను. రైలులో గ్యాసు, కిరోసిన్ తీసుకుపోవడం 1989 రైల్వే చట్టం ప్రకారం నేరం. 2023 ఆగస్టు 26న మదురైలో ఆగివున్న యాత్రికుల పెట్టెలో, దొంగచాటుగా తెచ్చిన సిలిండరు వల్ల మంటలు లేచి తొమ్మిది మంది మరణించారు.

కిరండూల్ రైలులో సొరంగాలు దాటుకుంటూ కొండపైకి చేరాము. బస యజమాని 5 కిలోల సిలిండరు, పొయ్యి ఇచ్చాడు. గొట్టానికి సబ్బునురుగు రాసి, బుడగలు లేవని చూసుకుని, గుడారాలకు దూరంగా వెలిగించాము. అరకు 900 మీటర్లకు పైగా ఎత్తున ఉంది. అక్కడ నీళ్లు సుమారు 97 డిగ్రీలకే మరుగుతాయి గనుక పప్పు ఉడకడం ఆలస్యమైంది.

అసలు పొరపాటు రాత్రి జరిగింది. చలికి తాళలేక పిల్లలు బొగ్గుల కుంపటి గుడారంలో పెట్టుకుంటామన్నారు. పొగ లేదు కదా అని నేనే సరేనన్నాను. కాసేపటికి ఒక కుర్రవాడు తలనొప్పి అన్నాడు. చలివల్లనేమో అనుకున్నాను. ఇంతలో మాకు కట్టెలు తెచ్చిన గిరిజన పెద్దాయన వచ్చి, "కుంపటి బయట పెట్టించండి బాబూ" అన్నాడు.

"మీరూ పొయ్యి పక్కనే పడుకుంటారు కదా, తాతా?"

"మా పెంకుల సందుల్లోంచి గాలి పోతుంది. మీ గుడ్డ ఇంటికి సందేదీ?"

సిగ్గుపడ్డాను. మూసిన చోట బొగ్గు కాలితే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, వాంతి, మగత, ఆపై మేలుకోని నిద్ర. తలుపు కాస్త తెరిచినా చాలదు. గుడారంలో గ్యాసు స్టవ్ వెలిగించినా ఇదే ప్రమాదం. ఎవరికైనా తల తిరిగితే వెంటనే బయటికి తెచ్చి, ఆసుపత్రికి చేర్చాలి. మా కుర్రవాడు దేవుని కృపవలన బయటి గాలికి తేరుకున్నాడు.

యోహాను సువార్త 21వ అధ్యాయంలో ప్రభువు శిష్యుల కోసం సిద్ధపరచిన నిప్పులు కూడా ఆరుబయటే, సముద్రతీరాన ఉన్నాయి. మేమూ కుంపటి చుట్టూ బయటే కూర్చుని ప్రార్థన చేసుకుని, నిప్పు ఆర్పి, రెండేసి దుప్పట్లు కప్పుకుని పడుకున్నాము.

తెల్లవారగానే లెక్కపెట్టాను. పద్నాలుగు మందీ లేచారు.