సూర్యాపేట మజిలీ

1830లో చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్యగారు ప్రతి మజిలీ సంగతీ రాసిపెట్టారు. ఎక్కడ నీళ్లున్నాయి, ఎక్కడ దిగడానికి వసతి ఉంది, ఏ ఊళ్లో సరుకులు దొరుకుతాయి - ఇదీ ఆయన వాకబు. తరగతిలో ఈ భాగం చెబుతుంటే పిల్లలు ఆవులిస్తారు. కరెంటు కారులో హైదరాబాదు నుంచి విజయవాడ వెళ్లేవాడికి మాత్రం ఇవే అసలు సంగతులు.

ఊళ్లో తిరగడానికి ఈ కారుతో ఏ చిక్కూ లేదు. ఇల్లు, కాలేజీ, బజారు కలిపి నాకు రోజుకు 40 కిలోమీటర్లు. అందుకు 6 యూనిట్లు చాలు. ఇంట్లో 15 ఆంపియర్ల ప్లగ్గు గంటకు 3 యూనిట్లు ఎక్కిస్తుంది గనుక రాత్రి భోజనాలయ్యాక తగిలిస్తే మనం మొదటి నిద్రలో ఉండగానే పని పూర్తవుతుంది. వేగం తగ్గించినప్పుడల్లా కొంత కరెంటు తిరిగి బాటరీలో చేరుతుంది కూడాను. కాకపోతే, కారు నిలిపే చోటికి మన మీటరు నుంచి తీగె రావాలి. అపార్టుమెంట్లవారు కారు కొనకముందే సంఘం కార్యదర్శిగారితో స్నేహంగా ఉండటం మంచిది.

విజయవాడ దారి సంగతి వేరు. సుమారు 275 కిలోమీటర్లు. నా కారు బాటరీ 40 యూనిట్లది. కంపెనీ కాగితంలో 400 పైచిలుకు కిలోమీటర్లని ఉంటుంది గాని, ఏ.సి. వేసుకుని గంటకు 100 చొప్పున పోతే 250 వస్తే గొప్ప. వేగం రెట్టింపయితే గాలి అడ్డు నాలుగింతలవుతుంది మరి! 80 మీద నింపాదిగా పోతే 300కి దగ్గరగా వస్తుంది. ఏమైనా నడుమ ఒక మజిలీ తప్పదు. సగం దారిలో, బస్సులు టిఫిన్లకు ఆగే సూర్యాపేటే అందుకు అనువు.

నిరుడు వేసవిలో అమ్మను తమ్ముడింటికి తీసుకువెళ్లాను. ఆమెకు 74 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. ఫోనులో ఖాళీగా ఉన్నట్టు చూపించిన ఒక ఛార్జరు దగ్గరకు చేరితే దాని తెర నల్లగా ఉంది. నీడ లేదు, కూర్చోను బల్ల లేదు. పక్కన పంక్చర్లు వేసే కుర్రవాడు, "నిన్నటి సంది నడుస్తలేదు సార్. పొద్దుగాల ఇద్దరొచ్చి మళ్లిపోయిన్రు" అన్నాడు.

"ఒరేయ్, నాలుగు లీటర్లు పెట్రోలు పోయించరాదుట్రా?" అంది అమ్మ.

బాటరీలో 40 శాతం ఉంది గనుక బతికాం. మరో 20 కిలోమీటర్లు పోయి ఒక హోటలు దగ్గర ఆగాం. అక్కడ పంకా ఉంది, శుభ్రమైన బాత్‌రూము ఉంది. అమ్మ ఇడ్లీ తిని, కాఫీ తాగి, పక్క బల్లవారి అమ్మాయి పెళ్లి సంబంధం గురించి విచారించేసరికి 45 నిమిషాలయింది. బాటరీ 80 శాతానికి వచ్చింది. ఆపైన అది మెల్లిగా తీసుకుంటుంది, కాచుకుని కూర్చోవడం దండుగ. ధర మాత్రం ఇంటి కరెంటు కంటే బాగా ప్రియం.

ముప్పావుగంట ఆగడం నాకు భారమనిపించలేదు. ఎండలో అమ్మను కూర్చోబెట్టి, తరువాతి చోటైనా పనిచేస్తుందా అని ఫోను చూసుకున్న ఆ పది నిమిషాలే భారం. ఛార్జింగు కేంద్రానికి లైసెన్సు అక్కరలేదని 2018లో కేంద్ర విద్యుత్ మంత్రిత్వ శాఖ తేల్చింది. హోటళ్లవారూ బంకులవారూ పెడుతున్నారు, సంతోషం. పెట్టినదాన్ని కనిపెట్టుకుని ఉండేవారు కూడా కావాలి కదా! పైగా ఒక్కొక్కరికీ ఒక్కొక్క యాప్. చాలావాటిలో ముందే డబ్బు వెయ్యాలి. రెండు ఛార్జర్లు ఎక్కడున్నాయో, నీడ ఎక్కడుందో నేనిప్పుడు నోటుబుక్కులో రాసుకుంటున్నాను. కాఫీ ఎక్కడ నీళ్లగా ఉంటుందో అమ్మ రాయించింది.

సంక్రాంతికి ఈ లెక్కలు తారుమారవుతాయి. పంతంగి టోల్‌గేటు దగ్గర కార్లు బారులు తీరడం ఏటా చూస్తున్నదే. ఆ బారులో కరెంటు కారుకు భయం లేదు; నిలబడి ఉంటే ఏ.సి.కి గంటకు ఒక యూనిటు ఖర్చు. ఛార్జరు ముందు నాలుగు కార్లుంటేనే చిక్కు - తలా ముప్పావుగంట అంటే మూడు గంటలు. అందుచేత ఈసారి పండక్కి మూడురోజుల ముందే, తెల్లవారుజామున నాలుగింటికి బయలుదేరుతున్నాం.