కనిపెట్టుకొని ఉండటం

తెలుగు బైబిలు చదివే ఇళ్ళలో పెరిగినవారికి 'కనిపెట్టు' అన్న మాట రెండు అర్థాలతో పరిచయమవుతుంది. బడిలో రైట్ సోదరులు విమానాన్ని కనిపెట్టారని చెప్పేవారు. ఆదివారం గుడిలో పాస్టరుగారు దేవుని కొరకు కనిపెట్టుకొని ఉండమనేవారు. దేవుడు ఎక్కడో తప్పిపోయాడనీ, పెద్దలందరూ కలిసి వెదుకుతున్నారనీ చిన్నతనంలో అనుకొనేవాడిని. ఎదురుచూడటం, కావలి కాయటం, రోగిని దగ్గరుండి చూసుకోవటం కూడా ఆ మాటలోనే ఉన్నాయని తరువాత తెలిసింది. తెలియటానికీ, నేర్చుకోవటానికీ మధ్య మాత్రం చాలా ఏళ్ళు గడిచాయి.

మాది కోదాడ దగ్గర ఒక పల్లె. సాగరు ఎడమ కాలువ నుండి చీలిన ఒక మేజరు చివర మాకు రెండెకరాల పొలం. నాగార్జునసాగరుకు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదిలారు. ఆ పన్నెండేళ్ళ ఎదురుచూపు ముగిసినా, చివరి భూములవారికి ప్రతి ఏటా ఒక ఎదురుచూపు మిగిలే ఉంది. పైవారి మడులు తడిసిన తరువాతే మా వంతు. అది రాత్రిపూట పడితే నాయన పార, టార్చిలైటు తీసుకొని తూము దగ్గరకు వెళ్ళేవాడు.

నాకు పదేళ్ళప్పుడు ఒకసారి వెంట వెళ్ళాను. ఆ రాత్రి నీరు రాలేదు. అయినా నాయన ఊరికే కూర్చోలేదు. పిల్లకాలువలో పెరిగిన గడ్డి చెక్కాడు. గట్టులో ఎలుకలు తవ్విన బొరియలను మట్టితో మూశాడు. "నీళ్ళే రాలేదు గదా నాయనా" అన్నాను. "వచ్చినంక మూస్తే ఆగుతయా?" అన్నాడు. అంతకు మించి మాట్లాడే మనిషి కాదు.

2011 నవంబరులో ఆయనకు ఆ మాటలు కూడా పోయాయి. అప్పుడు నేను మిర్యాలగూడలో ఒక రైసుమిల్లులో లెక్కలు వ్రాసేవాడిని. వరికోతల కాలం; మిల్లు బయట ధాన్యం ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి. పక్షవాతం వచ్చిందనీ, సూర్యాపేటలో ఆసుపత్రికి తీసుకువెళ్తున్నామనీ ఫోను వచ్చింది. నేను చేరేసరికి కుడి చెయ్యి, కుడి కాలు, మాట, మూడూ పడిపోయాయి. మాట తిరిగి రావచ్చు, రాకపోవచ్చు, ఓపిక పట్టాలి అన్నారు డాక్టరు.

నేను ఓపిక పట్టలేదు. బేరం పెట్టాను. 2012లో శ్రమల దినాలు నలభై రోజులూ ఒంటిపూట తిన్నాను. ఈస్టరు నాటికి నాయన నన్ను పేరు పెట్టి పిలవాలని దేవునికి గడువు విధించాను. ఈస్టరు వచ్చింది. వేకువ ఆరాధన ముగించుకొని, మిర్యాలగూడ నుండి మొదటి బస్సులో ఇంటికి వెళ్ళి మంచం పక్కన నిలబడ్డాను. నాయన నా ముఖం చూశాడు, పెదవులు కదిపాడు. అర్థం లేని ఒక శబ్దం వచ్చింది. ఆ తరువాత ఏడాదికి పైగా నేను గుడి మెట్లు ఎక్కలేదు.

ఆ రోజుల్లో మా ప్రాంతానికి సువార్త వచ్చిన చరిత్ర చదివాను. భక్తితో కాదు, కోపంతో. అమెరికా బాప్టిస్టుల తెలుగు మిషను 1836లో మొదలైంది. ఏళ్ళ తరబడి ఫలితం దాదాపు లేదు. మూసివేయాలన్న చర్చ పలుమార్లు వచ్చింది. 1854 జనవరి 1న తెల్లవారుజామున జ్యూయెట్ దంపతులతో కలిపి అయిదుగురు ఒంగోలు కొండ ఎక్కి, ఆ ఊరికి ఒక మిషనరీని పంపమని ప్రార్థించారు. క్లౌ దొర ఒంగోలులో స్థిరపడింది 1866లో. అక్కడా పన్నెండేళ్ళే. ఆపైన 1876-78 నాటి కరువు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెలంపల్లిలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. తరువాత 1890 ప్రాంతంలో, రష్యా నుండి వచ్చిన ఫ్రీసెన్ దంపతులతో ఆ మిషను నల్లగొండకు చేరింది, అక్కడినుండి సూర్యాపేటకు.

దేవుడు ఆలస్యం చేసినా తప్పక ఇస్తాడని చెప్పటానికి ప్రసంగికులు ఈ కథను వాడతారు. ఆ కరువులో చనిపోయినవారి నిరీక్షణ సంగతేమిటని నాకు మంట. అయితే ఒక్క విషయం మనసులో నిలిచిపోయింది. కరువు పనిగా క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకాన్ని గుత్తకు తీసుకొని వేలమందికి కూలి ఇప్పించాడు. కూలి కోసం మతంలోకి వచ్చారన్న మాట పడకూడదని, ఏడాదికి పైగా ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. అంటే నిరీక్షించింది దొరలే కాదు. అడిగినా కాదనిపించుకొన్న మాదిగ కూలీలు చేతిలో పారతో నిరీక్షించారు. పార అనగానే నాయన గుర్తుకు వచ్చాడు.

2013 వానాకాలంలో ఒక రాత్రి ఇంట్లో పడుకొన్నాను. అమ్మ రెండు గంటలకొకసారి లేచి, పుండ్లు పడకుండా నాయనను పక్కకు తిప్పుతోంది. వీపు తుడిచి, పౌడరు అద్ది, పక్క సర్దుతోంది. మూడోసారి లేచినప్పుడు అడిగాను: "ఇంకా మాట వస్తదని చూస్తున్నవా అమ్మా?"

"రాకపోతే విడిచిపెడ్తనా? కనిపెట్టుకొని ఉండాలె గదా" అంది.

దేవుని గురించి అన్నదో, నాయన గురించి అన్నదో నాకు తెలియలేదు. ఆమెకు ఆ రెండూ వేరువేరు పనులు కావు.

"ఇంత ఓపిక ఎక్కడిదే నీకు?"

"ముందుగాల ఇయ్యడు బిడ్డా. ఏ రాత్రిది ఆ రాత్రికే ఇస్తడు."

మన భాషలో ఓపిక అంటే సహనమూ అవుతుంది, శక్తీ అవుతుంది. సహనం కూడబెట్టుకొని, ఆ తరువాత నిరీక్షించటం మొదలుపెట్టాలని నేను అనుకొన్నాను. ఆమె ముందు లేచేది. శక్తి తరువాత వచ్చేది. నేను దేవుని చేతివైపు చూస్తూ ఈస్టరు దాకా రోజులు లెక్కపెట్టాను. ఆ రోజుల్లో నాయన ముఖం ఎన్నిసార్లు చూశానో చెప్పలేను.

మరుసటి వారం నుండి శనివారం రాత్రి వంతు నాది అయింది. మిల్లు నుండి నేరుగా ఇంటికి వెళ్ళేవాడిని. అప్పుడే నాకు తెలిసింది, నాయన మాట్లాడుతూనే ఉన్నాడని. దాహమైతే ఎడమచేతి వేళ్ళతో మంచం పట్టెపై తట్టేవాడు. తిప్పటం చాలంటే నా మణికట్టు పట్టుకొనేవాడు. ఈస్టరు నాడు నాకు అర్థం లేదనిపించిన ఆ శబ్దం, నేను వచ్చినప్పుడు తప్ప మరెవరు వచ్చినా చెయ్యడని అమ్మ చెప్పింది.

2015లో నాయన పోయాడు. నేను అడిగిన మాట చివరి దాకా రాలేదు. వచ్చిందని సాక్ష్యం చెప్పలేను. ఎందుకు రాలేదని ఇప్పటికీ అడుగుతాను. జవాబు కొరకు కనిపెట్టుకొనే ఉన్నాను. అమ్మ ఇప్పుడు నా దగ్గరే ఉంటుంది. మోకాళ్ళ నొప్పులు, రాత్రి లేచినప్పుడు చెయ్యి పట్టుకోవాలి. పిలవకముందే మెలకువ వస్తోంది నాకు.