బొమ్మకార్డుల పెట్టె

పిల్లలు గల ప్రతి యింటను ఏదో యొక బొమ్మల పిచ్చి యుండియే తీరును. మా వైరాలో మా వీథి పిల్లలకు పట్టినది ఫుట్‌బాల్ ఆటగాండ్ర కార్డుల పిచ్చి. పేకముక్కంత కార్డు, ముందువైపున ఆటగాని చిత్తరువు, దానితో వాని జట్టుపేరు, బలాబలముల యంకెలు. ఆరేసి కార్డులొక పొట్లములో నుండును. పొట్లము చింపువరకు లోన నెవరున్నారో కొన్నవానికి తెలియదు, అమ్మినవానికిని తెలియదు. ఆ తెలియకపోవుటయే ఈ వ్యాపారమునకు మూలధనము.

దీని పుట్టుకయు నిట్టిదే. పందొమ్మిదవ శతాబ్దపు చివర సిగరెట్లు నలగకుండ పొట్లములో నొక యట్టముక్క నుంచెడివారు. దానిపై బొమ్మ లచ్చువేయగా జనులు పొగకంటె బొమ్మల కెక్కువ యాశపడిరి. తరువాత ఇటలీదేశపు మోడెనా పట్టణమున పత్రికల వ్యాపారము చేయు పానీనీ సోదరులు 1961లో ఫుట్‌బాల్ బొమ్మల పొట్లములను వెలువరించిరి. 1970 మెక్సికో ప్రపంచకప్పు పోటీలతో వారి బొమ్మల పుస్తకము దేశదేశముల కెక్కెను.

వేసవి సెలవులలో మా తమ్ముడు హైదరాబాదునుండి మేనల్లునికై 24 పొట్లముల పెట్టె తెచ్చెను. వసారాలో చాప పరచి, ఇరుగుపొరుగు పిల్లలను పిలిచి, పెట్టె విప్పిరి. మొదటి పొట్లమును మావాడు గోటితో అంచు విడదీసి, కార్డుల కొత్తవాసన చూచి, ఒక్కొక్క పేరును కూడబలుకుకొని చదివెను. పదవ పొట్లము నాటికి చించుటయే కాని చదువుట లేదు. పదునెనిమిదవదానికి వాని చూపు చేతిలోని కార్డులపై లేదు. పెట్టెలో మిగిలిన పొట్లములపై నుండెను. అరగంటలో 144 కార్డులును చాపమీద పడినవి. అందులో వచ్చినవే మరల వచ్చినవి 31. “అమ్మా, ఇంకొక పెట్టె తెప్పింపవా?” అనెను.

ఆ గొంతు నాకు కొత్తది కాదు. సభాపర్వము చదివినవా రెవ్వరైనను గుర్తింతురు. ఓడినకొలది మరియొక పందెమునకై చేయి చాచిన ధర్మజుని గొంతు అది. పిల్లవానికి జూదగాడని పేరు పెట్టుటకు నాకు మనసొప్పదు. సబ్బుపొడి పొట్లములో చెంచా వచ్చునని, అవసరము లేకున్నను రెండు కొన్న గృహిణులము మనమే కదా! అయినను ఈ యాశ చిన్నదని త్రోసివేయ వీలులేదు. వీడియో ఆటలలో డబ్బు తీసికొని ఇట్టి మూతపెట్టెల నమ్ముట కొన్ని యెడల జూదమేయని 2018లో బెల్జియము దేశపు అధికారులు తేల్చిరి.

వలదని నేను గద్దింపబోగా మా వారు పలకయు బలపమును తెమ్మనిరి. 2022 ప్రపంచకప్పునకు పానీనీ వారు వేసిన పుస్తకములో 670 బొమ్మలు, పొట్లమునకైదు. అన్ని బొమ్మలును సమానముగా నచ్చువేసిరనుకొన్నను, ఎవరితోను మార్చుకొనక ఒంటరిగా పుస్తకము నింపగోరువాడు సగటున 949 పొట్లములు కొనవలెను. 669 దొరకిన పిమ్మట మిగిలిన ఆ యొక్కదానికే సగటున 134 పొట్లములు! మావాడు నోరు తెరచి పలక వంక చూచుచుండెను.

నాకు నలోపాఖ్యానము స్ఫురించెను. జూదమున రాజ్యము పోగొట్టుకొన్న నలుడు ఋతుపర్ణునికి సారథియై పోవుచుండ, ఆ రాజు దారిప్రక్క తాండ్రచెట్టు కాయలను ఆకులను చూపుమాత్రమున లెక్కించి చెప్పెను. ఆ లెక్క రహస్యమగు అక్షహృదయమును నేర్చినంతనే నలుని విడిచి కలి వెడలిపోయెను. త్రిఫలచూర్ణమునకు మనము వాడు తాండ్రకాయయే యది. అంతవరకు నా కథలో చెట్టు కాయలెందుకు లెక్కింపవలెనో నాకు బోధపడలేదు.

రెండవ పెట్టె రాలేదు. మారుగా, రెండేసి వచ్చిన కార్డులను వీథిలో మార్చుకొనుట సాగినది. నలుగురు పిల్లలు కూడిన నాలుగురోజులలో పొట్లము కొనకయే మావానికి 19 కొత్తవి చేరెను.

మా చిన్నదానికి మరియొక యాలోచన కలిగెను. “వీరిలో మనవారొక్కరును లేరేమి?” అని యడిగెను. పెండ్లిపత్రికల యట్టలను కత్తిరించి తానే కార్డులు చేసెను. వెనుకవైపు వ్రాత మా వారిది. మొదటిది సయ్యద్ అబ్దుల్ రహీం గారిది. హైదరాబాదు బడిపంతులు, ఆయన శిక్షణలోనే మన దేశపు జట్టు 1956 మెల్బోర్ను ఒలింపిక్సులో నాలుగవ స్థానమును, 1962 జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణమును పొందెను. పంతులుగారి కార్డును మా వారు కొంచెము ప్రీతితోనే వ్రాసిరని నా యనుమానము. రెండవది సికింద్రాబాదు తులసీదాస్ బలరాం. 1960 రోము ఒలింపిక్సులో హంగరీపై గోలు చేసినవాడు. మూడవది నిజామాబాదు జిల్లా తండా పిల్ల గుగులోత్ సౌమ్య. క్రొయేషియా దేశమునకు పోయి ఆడి వచ్చినది. దీని కార్డునకు మాత్రము చుట్టును బంగారురంగు పూసినది.

ప్రక్కింటి పిల్లవాడు బలరామును కోరుచున్నాడు. ఇది మూడు విదేశీ కార్డు లడుగుచున్నది. వాడు రెండే యిత్తునని పట్టుపట్టినాడు. బేర మింకను తెగలేదు.