పుట్టమన్ను మహిమ

కిందటేడు జగదల్‌పూర్ నుంచి రాయపూర్ పోతూ కొండగావ్‌లో ఆగాను. బస్తర్ డోక్రా ఇత్తడి బొమ్మలకు ఆ ఊరు పెట్టింది పేరు. ఒక దుకాణంలో ఏనుగు బొమ్మ బేరమాడుతుంటే అమ్మేవాడు, "పుట్టమన్నుతో పోసింది సార్, ఇంట్లో ఉంటే దిష్టి తగలదు" అన్నాడు. దిష్టికి వేరే రేటు కూడా ఉంది!

నాగులచవితికి చెవులకు పుట్టమన్ను పెట్టుకుని పెరిగిన మనకు ఈ మాట కొత్త కాదు. కానీ బొమ్మలు పోసేవాళ్ళు ఆ మన్ను ఎందుకు వాడతారు?

పక్క వీధిలో పని చేస్తున్న పెద్దాయన్ని నా వచ్చీరాని హిందీలో అడిగాను. "మామూలు మన్నయితే పగులుతుంది" అన్నాడు. దేవుడి ఊసే లేదు.

ఆయన చెప్పింది నిజం. చెదలు లోపలి నుంచి మెత్తటి బంకమన్ను రేణువుల్ని ఏరి తెచ్చి, తమ లాలాజలంతో అతికి పుట్ట కడతాయి. అంటే మన్నును జల్లెడ పట్టే పని చాలావరకు అవే చేసిపెట్టాయన్నమాట. అందులో వరి ఊక కలుపుతారు. కాల్చినప్పుడు ఊక మాడిపోయి సన్నటి రంధ్రాలు మిగులుతాయి, ఆవిరీ వాయువులూ వాటిగుండా బయటపడతాయి. లేకపోతే అచ్చు పేలుతుంది. ఇవాళ స్టూడియోల్లో సెరామిక్ కళాకారులు మట్టిలో కాగితపు గుజ్జు కలిపి "పేపర్ క్లే" అంటున్నారే, అందులోనూ పీచు కొలిమిలో మాడిపోయేదే.

మిగతా పనీ అంతే. ఊక కలిపిన మట్టితో లోపలి బొమ్మ చేసి, ఆరాక చిక్కుడాకు రుద్దుతారు, మైనం పట్టుకోవడానికి. తేనెమైనాన్ని దారాలుగా తీసి చుడతారు. పైన మెత్తటి మన్ను, దానిపైన పుట్టమన్ను. కాలిస్తే మైనం కరిగిపోతుంది, ఆ ఖాళీలోకి ఇత్తడి దిగుతుంది. ఇత్తడి కరగాలంటే 900 డిగ్రీల పైచిలుకు వేడి కావాలి. ఆ వేడికి మన్ను తట్టుకుంటుందో లేదో తరతరాలుగా పరీక్షించి తేల్చుకున్నారు. ప్రతి బొమ్మకూ అచ్చు పగలగొట్టాల్సిందే కనుక ఏ రెండూ ఒకేలా ఉండవు. దానికీ దైవకృప అని పేరు పెట్టేశారు.

చదువుకున్నవాళ్ళ భక్తి ఇంకో రకం. మొహెంజొదారో నర్తకి నుంచి బస్తర్ దాకా 4500 ఏళ్ళ తెగని సంప్రదాయం అంటారు. 1926లో దొరికిన ఆ బొమ్మదీ మైనం పోత పద్ధతే, కాదనను. బలూచిస్తాన్‌లోని మెహర్‌గఢ్‌లో దొరికిన రాగి తాయెత్తు (అదీ తాయెత్తే, ఏం చేస్తాం!) 6000 ఏళ్ళనాటిది, అదీ ఇదే పద్ధతి. ఆఫ్రికాలో బెనిన్‌వాళ్ళూ ఇలాగే పోశారు. పద్ధతి ఒకటైనంత మాత్రాన వంశం ఒకటని ఎలా చెప్తాం? మధ్యలోని వేల ఏళ్ళకు గొలుసు చూపించాలి కదా.

మన ఉషేగావ్‌లో ఓజ కళాకారులు చేసేదీ ఈ పనే. బస్తర్ డోక్రాకు 2008లో, ఆదిలాబాద్ డోక్రాకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అది ప్రాంతానికొచ్చిన పేరు. కొండగావ్ జయదేవ్ బఘేల్ లాంటి ఒకరిద్దరిని మినహాయిస్తే, మనిషి పేరు బయటికి రాదు. ఆ దుకాణంలో పుట్టమన్ను గురించి ఇంత చెప్పినవాడు ఏనుగును చేసిందెవరంటే చెప్పలేకపోయాడు.