ఫార్మాట్ కొట్టే ముందు

కంప్యూటర్ నెమ్మదించిందంటే మన ఊళ్లలో అందరి నోటా వచ్చే మాట ఒకటే: ఫార్మాట్ కొట్టించెయ్. ఆ మాట వింటే నాకు నిజంగా బాధేస్తుంది. ఫార్మాట్‌తో పిల్లల ఫొటోలు పోతాయి, లెక్కల ఫైళ్లు పోతాయి, ఎప్పుడో ఎవరో ఎక్కించి ఇచ్చిన పేజ్‌మేకరూ అను ఫాంట్లూ పోతాయి. ఇన్ని పోగొట్టుకున్నా అసలు భారం ఎక్కడుందో తెలియదు. పాత ప్రోగ్రాములన్నీ మళ్లీ ఎక్కించుకోగానే ఆ నత్తనడక కూడా వాటి వెంటే తిరిగొస్తుంది.

మా వీధి చివర జిరాక్స్ షాపు నడిపే కుర్రాడికి ఈఏపీసెట్ దరఖాస్తుల సీజన్‌లో ఇదే చిక్కొచ్చింది. బయట పిల్లలు సర్టిఫికెట్లు పట్టుకుని వరసలో నిలబడ్డారు. లోపల సిస్టమ్ ఒక్క ఫారం తెరవడానికి ఆపసోపాలు పడుతోంది. నాలుగు జీబీ ర్యామ్, పాతకాలపు హార్డ్ డిస్క్. "బాబాయ్, ప్రాసెసర్ పోయిందంటున్నారు. ఫార్మాట్ కొట్టు, లేదా కొత్తది కొనుక్కో అంటున్నారు" అన్నాడు.

"ముందు చూద్దాం లేరా" అన్నాను.

చూడటానికి కావలసింది విండోస్‌లోనే ఉంది. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. డేవ్ ప్లమ్మర్ అనే మైక్రోసాఫ్ట్ ఇంజనీరు ఇంట్లో కూర్చుని రాసుకున్న ప్రోగ్రాం అది. 1996లో ఎన్‌టీ 4.0తో అందరికీ అందింది. తెరవగానే కనిపించే అంకెల్ని నమ్మకూడదు, తెరుచుకోవడానికే దానికి కొంత పని పడుతుంది. ఒక నిమిషం ఆగాలి. అప్పుడే ఆన్ చేసిన సిస్టమ్ అయితే అప్‌డేట్లూ వైరస్ తనిఖీలూ నడుస్తుంటాయి కాబట్టి ఇంకాసేపు ఆగాలి. 'సిస్టమ్ ఐడిల్ ప్రాసెస్' ఎదురుగా 95 అని ఉంటే చాలామంది హడలిపోతారు. ప్రాసెసర్ అంత ఖాళీగా ఉందనే దాని అర్థం.

షాపులో ప్రాసెసర్ 90 దాటింది, మెమరీ 95 దాటింది, డిస్క్ నూటికి నూరు. ఈ మూడింటినీ విడివిడిగా చదివితే దారి తప్పుతాం. విండోస్ 10 నుంచి ఒక ఏర్పాటుంది. ర్యామ్ నిండిపోతుంటే, వెంటనే అక్కర్లేని సమాచారాన్ని కుదించి అక్కడే సర్దుతుంది. ఆ కుదించడం, మళ్లీ విప్పడం ప్రాసెసర్ మీద పడే పనే. అదీ చాలకపోతే కొంత సరుకును డిస్క్ మీదికి తోసి, కావలసినప్పుడు వెనక్కి తెస్తుంది. ర్యామ్‌లోంచి తీసుకోవడానికి సెకనులో కోటో వంతు చాలు. తిరిగే హార్డ్ డిస్క్ మీద వెతకాలంటే సుమారు వందో వంతు పడుతుంది. లక్ష రెట్ల తేడా! వంటగట్టు మీద చోటు లేక ఉప్పు డబ్బాకోసారి, కారం డబ్బాకోసారి అటకెక్కి దిగుతూ ఉంటే కూర ఎప్పటికి ఉడుకుతుంది? ఈ అవస్థకు కంప్యూటర్ శాస్త్రంలో పేరు థ్రాషింగ్. దీని కారణాలను పీటర్ డెనింగ్ 1968లోనే విడమరిచి చెప్పాడు. కుర్రాడి ప్రాసెసర్‌కు ఏ రోగమూ లేదు. మెమరీ కరవు దాని నెత్తిన పడింది, అంతే.

మరి మెమరీ ఎటు పోతోంది? టాస్క్ మేనేజర్‌లో మెమరీ అన్న శీర్షిక మీద నొక్కితే ఎక్కువ తినేవి పైకొస్తాయి. అన్నిటికన్నా పైన బ్రౌజర్ ఉంది. అది ఊహించిందే, ఈ కాలంలో ఒక్కో ట్యాబూ దాదాపు ఒక్కో ప్రోగ్రాంలా నడుస్తుంది. నా కన్ను దాని కింది వరస మీద పడింది. స్కానర్‌తో పాటు వచ్చిన చిన్న సహాయక ప్రోగ్రాం. కాగితం స్కాన్ చేసిన ప్రతిసారీ దాని అంకె కాస్త పెరుగుతోంది, మళ్లీ దిగడం లేదు. వాడుకున్న చోటును తిరిగివ్వని ఈ గుణాన్నే మెమరీ లీక్ అంటారు. ఒక్క చూపుకు ఇది దొరకదు. పని చేసుకుంటూనే పావుగంట గమనించాలి. అంకె ఎంతుందన్న దానికన్నా ఎటు పోతోందన్నది ముఖ్యం. దీనికి తోడు రెండు యాంటీవైరస్‌లున్నాయి. ప్రతి ఫైలునూ రెండూ తడిమి చూస్తున్నాయి.

లోటు ఒకచోట పుట్టి ఇంకోచోట కనబడటం అనగానే నాకు 1969 జులై 20 గుర్తొస్తుంది. చంద్రుడి మీదికి దిగుతున్న ఈగిల్ నౌకలోని కంప్యూటర్ 1202 అని హెచ్చరించింది. దానిలో రాసి చెరపగలిగే మెమరీ 2,048 పదాలే. పనులు పెట్టుకునే చోట్లన్నీ నిండిపోయాయని ఆ హెచ్చరిక సారాంశం. ఎందుకు నిండాయి? పాత పనులు తెమలకముందే కొత్తవి వచ్చిపడుతున్నాయి. ఎందుకు తెమలలేదు? ఆ ఘడియకు అక్కర్లేని ఒక రాడార్ నుంచి వస్తున్న అర్థంలేని సంకేతాలను లెక్కపెట్టడానికే ప్రాసెసర్ సమయంలో పదో వంతుకు పైగా పోతోంది. మా షాపులో మెమరీ కరవు ప్రాసెసర్‌లో కనబడితే, అక్కడ ప్రాసెసర్ కరవు మెమరీలో కనబడింది. ఆ సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లు ఏది ముఖ్యమో, ఏది వదిలేయొచ్చో ముందే నిర్ణయించి పెట్టారు. అందుకే కంప్యూటర్ తనంతట తాను మళ్లీ మొదలై, కిందికి దించే లెక్కలను పట్టుకుని తక్కినవి పక్కన పెట్టింది. ఎన్నిసార్లు తలుచుకున్నా వాళ్ల ముందుచూపుకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. మన బల్ల మీది సిస్టమ్‌కు మన అవసరం తెలియదు. ఏది వదలాలో మనమే చెప్పాలి.

స్కానర్ సహాయకుణ్ణి స్టార్టప్ జాబితాలోంచి తీసేశాం. రెండు యాంటీవైరస్‌లలో ఒకదాన్ని తొలగించాం. సీపీయూ ఫ్యాన్‌కు పట్టిన దుమ్ము కూడా దులిపాం, వేడెక్కిన ప్రాసెసర్ తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది మరి. మళ్లీ ఆన్ చేశాక దరఖాస్తు పేజీ మామూలుగా తెరుచుకుంది.

అయినా నాలుగు జీబీ ఈ రోజుల్లో ఇరుకే. టాస్క్ మేనేజర్‌లోనే 'పర్ఫార్మెన్స్' పేజీకి వెళ్లి మెమరీ మీద నొక్కితే ర్యామ్‌కు ఎన్ని స్లాట్లున్నాయో, ఎన్ని నిండాయో కనబడుతుంది. కుర్రాడి సిస్టమ్‌లో ఒకటి ఖాళీగా ఉంది. సీజన్ డబ్బులు చేతికొచ్చాక ఇంకో నాలుగు జీబీ తెచ్చి వేసుకుంటానన్నాడు.