వార్డే క్లాస్‌రూమ్

ఆయనకు అప్పుడు నలభై మూడేళ్లు. బాగా చదువుకున్నవాడు, చర్చిలో పాస్టరుగా చేసినవాడు. 1920లో ఉన్నట్టుండి మనసు చెదిరింది. ఇంట్లోవాళ్లు మానసిక వైద్యశాలలో చేర్పించారు. అక్కడ పదిహేను నెలలు. తన బాధలో దేవుడి ప్రశ్న కూడా ఉందనిపించేది ఆంటన్ బాయిసన్‌కి. దాని గురించి మాట్లాడదామంటే వినేవాళ్లేరీ?

బయటికొచ్చాక మళ్లీ అలాంటి ఆసుపత్రికే వెళ్లాడు, ఈసారి ఉద్యోగిగా! 1924లో అమెరికాలోని వూస్టర్‌లో చాప్లిన్‌గా చేరాడు. మరుసటి వేసవిలో నలుగురు థియాలజీ విద్యార్థుల్ని రప్పించి వార్డుల్లో అటెండర్ల పని చేయించాడు. పగలంతా రోగుల మధ్య చాకిరీ, ఆ తర్వాత చర్చలు. పుస్తకాల్ని చదివినట్టే మనుషుల్నీ చదవాలన్నది ఆయన పట్టు.

పాస్టోరల్ కౌన్సెలింగ్ చదువు అలా వార్డుల్లోకి వచ్చింది. ఇప్పటికీ ఈ శిక్షణలో ఒక యూనిట్ అంటే కనీసం 400 గంటలు. రోగితో జరిగిన సంభాషణను గుర్తున్నంతవరకూ మాట పొల్లుపోకుండా రాసి తోటివాళ్ల ముందు పెట్టాలి. వినడం మానేసి ఎక్కడ ఉపదేశం మొదలెట్టారో వాళ్లు ఇట్టే పట్టేస్తారు. సిగ్గుగానే ఉంటుంది మరి! అమెరికాలో చాప్లిన్‌గా బోర్డు సర్టిఫికెట్ కావాలంటే పీజీతోపాటు ఇలాంటి యూనిట్లు నాలుగు పూర్తిచేయాలి. ఆసుపత్రులే కాదు, జైళ్లు, సైన్యం, చివరి రోజుల్లో ఉన్నవారిని చూసుకునే హాస్పిస్‌లు... అన్నిచోట్లా ఉద్యోగాలున్నాయి. మన పక్కనే ఉన్న వేలూరు సీఎంసీలోనూ చాప్లిన్లు కనిపిస్తారు.

బాయిసన్‌కి 1930లో జబ్బు తిరగబెట్టింది. కోలుకున్నాడు. తర్వాత ఇల్లినాయిస్‌లోని ఎల్గిన్ మానసిక వైద్యశాలకు మారి అక్కడా విద్యార్థులకు శిక్షణ ఇచ్చాడు. 1965లో కన్నుమూసిందీ అక్కడే.