తాయిలం పెట్టే చేయి

కుందేలు కరవదన్న నమ్మకంతోనే చాలామంది దాన్ని ఇంటికి తెచ్చుకుంటారు. కొన్నాళ్ళకు, అరటిపండు పెట్టబోయిన పిల్లవాడి వేలికి పంటిగాటు పడుతుంది. అప్పటిదాకా ముద్దొచ్చిన ప్రాణి కాస్తా పొగరుబోతు అయిపోతుంది. తిండి పెట్టిన చేతినే కరిచిందంటే విశ్వాసం లేదనేగా అంటారు పెద్దవాళ్ళు. ఆ మాట విన్నప్పుడల్లా కుందేలు తరఫున వకాల్తా పుచ్చుకోవాలనిపిస్తుంది నాకు.

దాని మొహం ఒకసారి పరకాయించి చూడండి. కళ్ళు తలకు చెరో పక్కన, కాస్త పైకి ఉంటాయి. వెనకనుంచి వచ్చే నక్కా, ఆకాశంలోంచి దిగే గద్దా కనబడాలి కాబట్టి ఆ ఏర్పాటు. దాదాపు చుట్టూ చూడగలదు గానీ సరిగ్గా ముక్కు ముందు, గడ్డం కింద ఉన్నది మాత్రం దానికి కనబడదు. నోటి దగ్గరికి వచ్చిన తిండిని వాసనతో, మీసాలతో, పెదవులతో తడిమి పట్టుకోవాల్సిందే. అరటిపండు ఒలిచిన వేలు దాని ముక్కుకు అరటిపండే. ఇందులో కోపం ఎక్కడుంది? కొత్తిమీర కట్టలోంచి పొడుగాటి కాడ తీసి ఆకుల వైపు అందించండి, వేళ్ళు దూరంగా ఉంటాయి. పండు ముక్కయితే చాపిన అరచేతిలోనో చిన్న పళ్ళెంలోనో పెట్టండి.

ముక్క అన్నాను, పండు అనలేదు. బొమ్మల సినిమాలు చూసి క్యారెట్టే కుందేలు భోజనం అనుకుంటాం. క్యారెట్‌లోనూ అరటిపండులోనూ తీపి ఎక్కువ. బొటనవేలి గోరంత చాలు, అదీ రోజూ అక్కర్లేదు. అసలు భోజనం ఎండుగడ్డి. కుందేలు పళ్ళు బతికినంతకాలం పెరుగుతూనే ఉంటాయి, గడ్డి నమిలి నమిలి అరగాలి. అరగకపోతే దవడపళ్ళు మొనదేలి నాలుకనూ బుగ్గలనూ కోస్తాయి. అంత నొప్పితో ఉన్న జంతువు ముట్టుకుంటే కరవదూ?

ఇంకో రకం కాటు బోను దగ్గర పడుతుంది. ఆడకుందేలుకు 4 నుంచి 6 నెలలకే ఈడొస్తుంది. అప్పటినుంచి బోనును తన ఇల్లుగా కాపాడుకుంటుంది. కరిచే ముందు అది చెప్పే ఉంటుంది. చెవులు వీపుకు అతుక్కునేలా వాల్చింది, ఒళ్ళు బిగించింది, గుర్రుమంది, వెనకకాలితో నేలను దబ్బున కొట్టింది. అయినా మనం చేయి లోపలికి పెట్టాం. తలుపు తీసి నేల మీద కూర్చుంటే తనంత తనే బయటికొస్తుంది, బోను శుభ్రం చేయడం అప్పుడు పెట్టుకోవచ్చు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తే ఈ కాపలా బుద్ధి చాలావరకు తగ్గుతుంది, ఆడవాటికి తరచుగా వచ్చే గర్భసంచి క్యాన్సర్ ముప్పూ తప్పుతుంది.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పాలి. కరిచిన వెంటనే బుజ్జగించడానికి తాయిలం పెట్టేవాళ్ళున్నారు. కరిస్తే పండు వస్తుందని అది చక్కగా నేర్చుకుంటుంది. ముక్కు మీద కొట్టేవాళ్ళూ ఉన్నారు, ఆ తర్వాత దానికి మనిషి చేయంటేనే హడల్. చెవులు పట్టుకుని ఎత్తడమైతే శుద్ధ హింస. ఇవేవీ వద్దు. చేయి వెనక్కి తీసుకుని, అది నెమ్మదించాక పెట్టండి.

ఎన్నడూ కరవని కుందేలు ఉన్నట్టుండి కరిచినా, ఇష్టమైన తాయిలాన్ని వాసన చూసి వదిలేసినా రేపు చూద్దాం అనుకోకండి. మేత మానేసిన కుందేలుకు పేగుల కదలిక ఆగిపోయి ఒక్కరోజులోనే ప్రాణం మీదికి రావచ్చు. ఆ పూటే పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి.